మంత్రగత్తె నిప్పూ గోదారి పోటూ: మా ఆట తయారీ డైరీ

జూన్, రెండో ఆదివారం

ఎట్టకేలకు మొదలైంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాకు అంటింది హాస్టల్లో. ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు తలో పాత్రా వేసి, ఏం జరిగిందో పాచికలతో తేల్చుకునే ఆట అది. లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చాక అదే పిచ్చి రాజోలు దగ్గర మా పెంకుటింటి అరుగు మీదికి చేరింది. ఇంట్లోవాళ్లకి ఆట బాగానే పట్టింది గానీ, ప్రతిసారీ మంచుకొండలూ రాతికోటలూ అనేసరికి మా బావ "ఒరేయ్ బామ్మర్దీ, మంచులో నడిస్తే కాలు దిగబడద్దా, మన బురదలోలాగేనా?" అని అడగడం, నేనూ మంచు చూసిన మొహం కాదు కాబట్టి నీళ్లు నమలడం. అందుకే ఈసారి మన గోదారి లంకలు, రేవులు, కొబ్బరితోటలు, ఏటిగట్లు పెట్టి మేమే ఒక ఆట తయారు చేసుకుంటున్నాం. దెయ్యాల కథలకి ఇక్కడేం కరువు లేదు.

ఆ ఆటలో పాత్రల రకాల్ని క్లాసులంటారు, మేం వృత్తులంటున్నాం, వాటి ఎబిలిటీలని, అంటే చెయ్యగల పనుల్ని, విద్యలు. ప్రస్తుతానికి ఐదు. కర్రసాము చేసే సాముగాడు మా తమ్ముడు, లాంచి నడిపే సరంగు మా బావ, మంత్రగత్తె మా పిన్ని కూతురు, నాటువైద్యురాలు మా వదిన, కొబ్బరిచెట్లెక్కే దింపువాడు మా మేనల్లుడు. వీడు పదో తరగతి, లెక్కల్లో మా అందరికంటే చురుకు, ఆ సంగతి ముందు ముందు తెలుస్తుంది. కథ నడిపేది, రూల్స్ రాసేది, తిట్లు తినేది నేను.

పాచికల బదులు గవ్వలు పెడదామని ఒక వారం సరదాపడ్డాను. నాలుగు గవ్వలు, అష్టాచెమ్మాలోలాగా. ఒక్కో గవ్వ సరిగ్గా సగం సార్లు వెల్లకిలా పడితే అష్టాకి పదహారులో ఒక వంతు అవకాశం, చెమ్మాకీ అంతే. కానీ గవ్వ అలా పడదు, దాని వీపు గుండ్రం, కడుపు చదును. పైగా నాయనమ్మ గవ్వలు ఒకలా పడుతున్నాయి, తీర్థంలో కొన్నవి ఇంకోలా. లెక్క కట్టడం నా వల్ల కాలేదు. ఇరవై ముఖాల పాచికకే తిరిగొచ్చాను.

జూన్, నాలుగో ఆదివారం

మొదటి పరీక్ష. ఘోరం.

కాగితం మీద చాలా చక్కగా ఉంది అని మనవి. సాముగాడికి వంతుకి ఒక దెబ్బ. ఇరవై ముఖాల పాచికకి 5 కలిపితే 13 అందుకోవాలి, అంటే 8 గానీ ఆ పైన గానీ పడితే తగిలినట్టు, 65 శాతం. తగిలితే ఎనిమిది ముఖాల పాచిక వేసి 3 కలపాలి, సగటు 7.5. మొత్తం మీద వంతుకి 4.875. ఒక పోరు సుమారు నాలుగు వంతులు నడుస్తుంది అనుకుంటే పోరుకి 19.5.

మంత్రగత్తెకి నిప్పులవాన, రోజుకి రెండుసార్లు. నాలుగు మామూలు పాచికలు, సగటు 14. శత్రువు సగం సార్లు పక్కకి దూకి సగం దెబ్బతో బయటపడతాడు, కాబట్టి తలకి 10.5. ఎదురుగా ముగ్గురు దొంగలుంటే ఒక్క వానకి 31.5. మిగతా వంతుల్లో చిన్న నిప్పురవ్వ విసురుతుంది, అదీ 65 శాతమే, తగిలితే ఒక మామూలు పాచిక, వంతుకి 2.275.

ఇప్పుడు చూడండి. రోజుకి ఆరు పోర్లు జరిగితే సాముగాడికి 117, మంత్రగత్తెకి రెండు వానలకి 63, మిగిలిన ఇరవై రెండు రవ్వలకి 50, కలిపి 113. దాదాపు సమానం! ఈ లెక్క చూసుకుని రాత్రి హాయిగా పడుకున్నాను కూడా.

ఆదివారం జరిగింది ఏమిటంటే, మధ్యాహ్నం భోజనాలయ్యి కూర్చునేసరికి మూడు, మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, ఒకసారి టీ, ఒకసారి పాలవాడు. రెండే రెండు పోర్లు అయ్యాయి. రెండు పోర్లలో సాముగాడికి 39, మంత్రగత్తెకి 76.65. సరిగ్గా రెట్టింపు కాకపోయినా ఆ పక్కనే. తమ్ముడు కర్ర తిప్పేలోపు దొంగలు బూడిద. రెండో పోరు సగంలో వాడు ఫోన్ తీశాడు. అక్కడే నాకు అర్థమైపోయింది, నంబర్లు చూడక్కర్లేదు, ఎవరు ఫోన్ తీశారో చూస్తే చాలు.

ఒకటి ఒప్పుకోవాలి, ఈ లెక్కల్లో 20 పడితే వచ్చే అదనపు దెబ్బ కలపలేదు, ముగ్గురు దొంగలూ ఎప్పుడూ పక్కపక్కనే నిలబడతారని అనుకున్నాను. అయినా తేడా ఇంత ఉన్నప్పుడు అవి పెద్దగా మార్చవు.

జులై, మొదటి వారం

తప్పు మందు వేశాను. నిప్పులవానని మూడు పాచికలకి తగ్గించాను. చెల్లి వెంటనే "అన్నయ్యా, మరి నేనెందుకు రావడం, ఆ రవ్వలు విసురుకుంటూ కూర్చోనా" అంది. న్యాయమే. తగ్గించాక లెక్క వేస్తే రెండు పోర్ల రోజున 61కి 39, అప్పటికీ తనదే పైచేయి. ఆరు పోర్ల రోజున 97కి 117, అప్పుడు తను వెనక. అంటే ఒక తప్పుని రెండు తప్పులు చేశాను. దెబ్బ ఎంత అన్నది కాదు ఇక్కడ గొడవ, విద్య ఎన్నాళ్లకి తిరిగి వస్తుంది అన్నది. మళ్లీ నాలుగు పాచికలు పెట్టేశాను.

ఇది నాకొక్కడికే వచ్చిన తలనొప్పి కాదు. 1974లో వచ్చిన అసలు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోనే మొదటి మెట్టు మీదున్న మాంత్రికుడికి రోజుకి ఒక్కటంటే ఒక్క మంత్రం. అప్పట్నుంచీ "రోజుకి ఇన్ని" అన్న కొలతే నడుస్తోంది. 2014 ఎడిషన్‌లో ఆట నడిపేవాళ్ల పుస్తకం రోజుకి ఆరు నుంచి ఎనిమిది పోర్ల లెక్కతో సాగుతుంది, ఇళ్లలో ఆడేవాళ్లు అన్ని ఆడేది అరుదు. రెండు పోర్లయ్యాక మంత్రాలు అయిపోతాయి, "పడుకుందాం, పొద్దున్నే లేస్తే అన్నీ వచ్చేస్తాయి" అంటారు. మా బావ అయితే పట్టపగలు పదకొండింటికి లాంచి కట్టేసి పడుకుందామన్నాడు.

2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ దీనికి ఒక దారి చూపించింది. అన్ని క్లాసులకీ ఒకే అచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వాడేవి కొన్ని, పోరుకి ఒకసారివి కొన్ని, రోజుకి ఒకసారివి కొన్ని. బ్యాలెన్స్ పరంగా శుభ్రంగానే ఉంటుంది. కానీ అందరూ ఒకేలా అనిపిస్తున్నారని చాలామంది గొణిగారు. నాకూ అదే భయం. సరంగు చేతిలో చుక్కానీ, మంత్రగత్తె చేతిలో నిప్పూ ఒకే కార్డులా కనపడితే ఇక లంకలెందుకు, రేవులెందుకు.

జులై, మూడో వారం

ఆట లేదు. భద్రాచలంలో గోదారి 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందన్న కబురు దగ్గర్నుంచీ ఊళ్లో ఎవరు కలిసినా ఒకటే మాట, "ధవళేశ్వరంలో ఎంతుందంట?" 2022 జులై చూశాక ఎవరికీ నిద్ర పట్టదు, పెద్దవాళ్లు మాత్రం ఇంకా 1986 వరదతోనే పోలుస్తారు. లంకలో మా కౌలు అరటి మీద ఆశ వదిలేశాం. పశువుల్ని గట్టు మీదికి తోలాం.

రాత్రి గట్టు మీద కాపలాకి కూర్చున్నప్పుడు బుర్రలో వెలిగింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇక్కడ కాలం గంటల్లో నడవదు, అడుగుల్లో నడుస్తుంది. ఎవడైనా "పడుకుందాం, పొద్దున్న చూద్దాం" అంటే వినేవాడెవడు? నీళ్లు ఆగవు కదా.

ఆగస్టు, మొదటి ఆదివారం

వరద తీసింది. అరుగు కడిగాం, ఆట మొదలు.

కొత్త రూలు. విద్యలు నిద్రపోతే తిరిగి రావు, పోటుకి వస్తాయి. మా గోదారి పాయ వైనతేయలోకి సముద్రపు పోటు ఎక్కడం ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు, ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు పన్నెండు గంటల పాతిక నిమిషాలు, అమావాస్యకీ పున్నానికీ జోరెక్కువ. అయితే ఆటలో గడియారం పెట్టలేదు. అట్టముక్క మీద ఆరు గడుల పట్టీ గీశాను, దాని మీద ఒక చింతగింజ. ఒక పోరు గానీ, నిజంగా ప్రమాదమున్న ఘట్టం గానీ పూర్తయితే గింజ ఒక గడి జరుగుతుంది. ఆరో గడి చేరితే పోటు, నిప్పులవానలు రెండూ వెనక్కి వస్తాయి.

చూశారుగా, రోజుకి ఆరు పోర్లు జరగాలి అన్న మొక్కుబడి పోయింది. కథలో ఒక రోజు కావొచ్చు, వారం కావొచ్చు, మా అరుగు మీద మూడు ఆదివారాలు కావొచ్చు. ఆరు ఘట్టాలకి రెండు వానలు. 113కి 117 అన్న నా లెక్క చచ్చినట్టు పనిచేస్తుంది.

పనిచేసింది, కానీ చెల్లి మొదటి రెండు పోర్లలోనే రెండు వానలూ కురిపించేసి, తర్వాతి ఆదివారం అంతా రవ్వలతో కూర్చుంది. లెక్క సరిపోయింది, మనిషి మొహం మాడిపోయింది. ఈసారి ఫోన్ తీసింది తను.

కాబట్టి చిన్న సవరణ. మూడో గడి ఆటు, ఆరో గడి పోటు, ఒక్కో చోట ఒక్కో వాన వస్తుంది, చేతిలో రెండు మించి ఉండవు. మొత్తం అంతే, కానీ ఎండు కాలం మూడు ఘట్టాలకి మించదు.

ఆగస్టు, నాలుగో ఆదివారం

సరంగుకి ఒక విద్య కావాలి. పాపం బావ. లాంచి నడిపేవాడికి లాంచి దిగితే పనేమీ లేదు, రెండు నెలల్నుంచీ మొలతాడు లాగా ఉన్నాడా లేడా అన్నట్టు ఉన్నాడు. పట్టీ వచ్చింది కాబట్టి అతనికి "నీటిలెక్క" అని ఒకటి ఇచ్చాను. పోరుకి ఒకసారి చింతగింజని ముందుకో వెనక్కో ఒక గడి జరపొచ్చు. బావ మీసం దువ్వాడు.

పది నిమిషాలు కూడా కాలేదు, మేనల్లుడు చెయ్యెత్తాడు. "మావయ్యా, గింజ మూడో గడిలో ఉందనుకో. నాన్న ఈ పోరులో వెనక్కి జరుపుతాడు, పోరయ్యాక అదే మళ్లీ మూడుకొస్తది, పిన్నికి వాన. తర్వాత పోరులోనూ అంతే. అంటే పోరుకో వాన, ఆయ్!"

ఆయ్. పోరుకో వాన. అందరూ నా వైపు చూశారు. నేను పాచిక వైపు చూశాను.

సరిచేశాను. ముందుకే జరపాలి, ఒక పోటుకి ఒక్కసారే. నీరు తిరగాల్సిన వేళకే తిరుగుతుంది, సరంగు దాన్ని కనిపెట్టగలడు గానీ వెనక్కి తొయ్యలేడు, వినడానికీ బాగుంది. లెక్క వేస్తే ఇప్పుడు ఐదు పోర్లకి రెండు వానలు, సాముగాడికి 97.5, మంత్రగత్తెకి 104. ఆ ఆరున్నర తేడా చెల్లిది కాదు, బావది. ఇప్పుడు వాన కురవాలంటే చెల్లి బావ మొహం చూడాలి, పోరు మధ్యలో "బావగారూ, జరపండి జరపండి" అని అరుస్తుంటే ఆయన "ఉండమ్మా, నీళ్లు చూడనీ" అంటూ తాపీగా బీడీ తీసినట్టు నటిస్తాడు. రెండు నెలల్లో బావ ఇంత ఆనందంగా ఉండటం ఇదే మొదటిసారి. తను స్వయంగా ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు!

సెప్టెంబరు

దింపువాడి సంగతి రెండు ముక్కల్లో. చెట్టు మీంచి కొడితే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు అన్నాను. 65 శాతం కాస్తా 87.75 అవుతుంది, ఎత్తుకి ఆ మాత్రం ఉండాలి అనుకున్నాను. మర్చిపోయిందేమిటంటే ఇది కోనసీమ. కొబ్బరిచెట్టు లేని చోటు ఎక్కడుంది? వాడు పుట్టినప్పట్నుంచీ చెట్టు మీదే ఉన్నాడు. ఇప్పుడు ఎక్కడానికి ఒక వంతు, దిగడానికి ఒక వంతు ఖర్చు, పైన ఉండగా దెబ్బ తగిలితే పట్టు తప్పుతుందేమో పాచిక వెయ్యాలి. సరిపోయింది.

వదిన కథ వేరు. నాటువైద్యురాలి విద్య, వంతుకి ఒకరికి గాయం మాన్పడం. ఐదు పోర్లు ఓపిక పట్టి ఒకరోజు అనేసింది, "ఇంట్లో అందరికీ వడ్డించేది నేనే, ఆటలోనూ నేనేనా?"

నాకు మాట రాలేదు. నిజంగానే ఆవిడ వంతు వస్తే మేమంతా గిన్నెలు చాపినట్టు చాపుతున్నాం. పైగా లెక్క ప్రకారం కూడా అది దండగ వ్యవహారం. వైద్యం వంతుకి 5 ఊపిరి, అంటే దెబ్బలకి తరిగే ప్రాణం లెక్క, తెస్తుంది, ముగ్గురు దొంగలు వంతుకి అంతకంటే ఎక్కువే తీసేస్తారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో కూడా అనుభవం ఉన్నవాళ్లు పోరు మధ్యలో వైద్యం చెయ్యరు, ఎవరైనా పడిపోతే లేపడానికే వాడతారు.

దెబ్బ పెంచుదామా అనుకుంటుండగా దారి దొరికింది తాతయ్య దగ్గర. పులిజూదం పలక తీసి మేనల్లుడికి నేర్పుతున్నారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకని దూకి చంపుతుంది. మేక ఎవర్నీ చంపలేదు, ఆట మొత్తంలో ఒక్క దెబ్బ కొట్టదు, అయినా గెలుస్తుంది, ఎందుకంటే పులికి కదలడానికి చోటు లేకుండా చేస్తుంది. మేకకి కోరలు పెట్టి ఎవరూ బ్యాలెన్స్ చెయ్యలేదు. ఇన్నాళ్లూ నేను చేస్తున్నది అదే, అందరి దెబ్బనీ ఒకే తూనికరాయితో తూచడం.

వదిన విద్య మార్చాను. గాయం మాన్పడం పోరు అయిపోయాకే. పోరులో ఆవిడ పని "పొగ". మూలికల కుంపటి ఒకచోట పెడితే ఆ చోట అడుగుపెట్టిన శత్రువు కళ్లు మండి తన వంతు పోగొట్టుకుంటాడు. మూడు కుంపట్లు, పోరు మొత్తానికి. మొదటి రోజే రేవు మెట్ల దగ్గర మూడూ పెట్టి నలుగురు దొంగల్ని నీళ్లకీ పొగకీ మధ్య ఇరికించింది. తమ్ముడు కర్రతో ఒక్కొక్కణ్నీ తీరిగ్గా వాయించాడు. ఆ రోజు టీ వదిన పెట్టలేదు, నేను పెట్టాను.

అక్టోబరు, దసరా సెలవులు

మేనల్లుడు ఇంకో చిల్లు కనిపెట్టాడు. గింజ జరగడానికి పోరు కావాలి, అంతేగా? ఏరు దాటించే పంటు దిగగానే బురదలో కనపడిన ఎండ్రకాయలతో పోరు పెట్టుకున్నాడు. వరసగా నాలుగు ఎండ్రకాయలు. "నాలుగు గడులు రాసుకో మావయ్యా."

ఎండ్రకాయ ప్రమాదం కాదు, గడి జరగదు అని కొట్టిపారెయ్యొచ్చు. కానీ ఎవరు ప్రమాదమో ప్రతిసారీ నేను తీర్పు చెప్పాలంటే అది రూలు కాదు, పంచాయితీ. అప్పుడు గట్టు మీద ఆలోచన పనికొచ్చింది. ఒక ఈనెపుల్ల తీసుకుని గీతలు పెట్టాను, ధవళేశ్వరం లెక్కే. ఆట 9.75 అడుగుల దగ్గర మొదలవుతుంది, గింజ ఒక గడి జరిగితే నీరు అర అడుగు పెరుగుతుంది. ఒక్క నిద్ర కూడా అర అడుగే. నాలుగు గడులకి 11.75, లంకల్లో దారులు మునుగుతాయి. ఇంకో నాలుగుకి 13.75, పంట్లు ఆపేస్తారు, సరంగు తప్ప ఎవరూ ఏరు దాటించలేరు. ఇంకో ఎనిమిదికి 17.75, ఆ తర్వాత గట్టు నిలుస్తుందో లేదో పాచికే చెప్పాలి. మొత్తం పదహారు గడులు. ఈ అంకెలు ఇంత చక్కగా కుదిరాయంటే నేనే రెండుసార్లు కూడి చూసుకున్నాను.

ఇప్పుడు ఎండ్రకాయలతో పోరు పెట్టుకోవచ్చు, తప్పకుండా, నీళ్లు పెరుగుతాయి అంతే. మేనల్లుడు పుల్ల వైపు కాసేపు చూసి ఎండ్రకాయని వదిలేశాడు.

నవంబరు, డిసెంబరు

కోతలూ పెళ్లిళ్లూ, రెండుసార్లే కుదిరింది. రెండుసార్లూ ఎవరూ ఫోన్ తియ్యలేదు, బావ ఒకసారి తీశాడు గానీ అది కొబ్బరి ధర చూడటానికి.

సాముగాడి మీద మాత్రం అనుమానం మిగిలింది. అతని విద్య ఎప్పుడూ ఉండేదే, పోటుతో పనిలేదు, అది అతని బలమే. కానీ పదో గడి దాటాక అందరూ పుల్ల వైపూ పట్టీ వైపూ చూస్తూ తలలు బద్దలు కొట్టుకుంటుంటే తమ్ముడికి చెయ్యాల్సిన ఎంపిక ఏమీ లేదు, కొడతాడు, మళ్లీ కొడతాడు. "బాగానే ఉందన్నయ్యా, నాకిదే హాయి" అంటాడు. నమ్మాలా వద్దా తెలియడం లేదు. నిజంగా హాయిగా ఉన్నవాడి కోసం కొత్త విద్య తగిలించి ఆట చెడగొట్టడం కూడా ఒక రకం తప్పే కదా.

జనవరి, కనుమ మర్నాడు

జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి రాత్రి ఆలస్యంగా వచ్చాం, అందరికీ కాళ్లు నొప్పులు, అయినా పొద్దున్నే అరుగు మీద కూర్చున్నాం. మొదటిసారి 17.75 దాకా వెళ్లాం. పదహారో గడి. గట్టు మీద ఐదుగురూ, అవతల జలపిశాచి, చెల్లి చేతిలో ఒక్క వాన కూడా లేదు, పోటుకి ఇంకా రెండు గడులు.

గట్టు పాచిక వెయ్యబోతుంటే తమ్ముడు ఆపాడు. "అన్నయ్యా, నేను కొట్టను. కర్ర గట్టులోకి దిగేసి దానికి ఆనుకుని నిలబడతా. గట్టు నిలుస్తదా?"

దానికి రూలు లేదు. పుస్తకం తిరగేశాను, నేను రాసిందే కాబట్టి లేదని తెలుసు, అయినా తిరగేశాను. చివరికి అతని దెబ్బ పాచిక వెయ్యమన్నాను, ఎంత పడితే అంత గట్టుకి కలుపుతానని. ఎనిమిదికి ఏడు పడింది, మూడు కలిపితే పది.

గట్టు నిలిచింది. కర్ర పోయింది. సాముగాడికి ఇప్పుడు కర్ర లేదు, "కాపు" అనే విద్య ఉంది, దాన్ని కాగితం మీద ఎలా రాయాలో ఇంకా తేలలేదు. మేనల్లుడు అప్పుడే పెన్ను పట్టుకుని కూర్చున్నాడు, చిల్లు ఎక్కడుందా అని.